బుద్ధగయ: గయ స్టేషన్‌లో దిగే యాత్రికులు మహాబోధి ఆలయంలో చూడాల్సినవేమిటి?

బిహార్‌లోని గయ జంక్షన్‌లో రైలు దిగే తెలుగువారిలో చాలామంది పితృదేవతలకు పిండప్రదానం చేసేందుకు వస్తారు. వారి దారి విష్ణుపాద ఆలయానికి. అదే ప్లాట్‌ఫామ్‌పై కాషాయ వస్త్రాల భిక్షువులు, పలు దేశాల బౌద్ధ యాత్రికులు కూడా దిగుతారు. వారి గమ్యం అక్కడికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని బుద్ధగయ.

సిద్ధార్థ గౌతముడు జ్ఞానోదయం పొంది బుద్ధుడైన చోటు ఇదేనని బౌద్ధులు విశ్వసిస్తారు.

రైలు మార్గం

హావ్‌డా, దిల్లీలను కలిపే గ్రాండ్ కార్డ్ మార్గంలో గయ ప్రధాన స్టేషన్. పట్నా నుంచి కూడా ఇక్కడికి నేరుగా రైళ్లున్నాయి. స్టేషన్ బయట దొరికే ఆటోల్లో బుద్ధగయ చేరుకోవచ్చు.

ఆలయంలో ఏం చూడాలి?

ఇక్కడ తొలి కట్టడాన్ని అశోక చక్రవర్తి క్రీ.పూ. 3వ శతాబ్దంలో నిర్మింపజేశాడు. ప్రస్తుత ఆలయం క్రీ.శ. 5-6 శతాబ్దాల నాటిది. సుమారు 50 మీటర్ల ఎత్తున్న దీనిని పూర్తిగా ఇటుకతో కట్టారు. ఆ కాలపు ఇటుక కట్టడాల్లో ఇంత ఎత్తున నిలిచినవి అరుదు. 2002లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గర్భగుడిలో బుద్ధుడు భూమిస్పర్శ ముద్రలో తూర్పుముఖంగా ఆసీనుడై ఉంటాడు. దర్శనం కాగానే వెనుదిరగకుండా ఆలయం వెనుకకు, పడమటి వైపునకు వెళ్లాలి. బోధివృక్షం, దాని కింద వజ్రాసనం అక్కడే ఉన్నాయి.

ఈ రావిచెట్టు బుద్ధుని కాలం నాటిది కాదు. పాత చెట్టు 1876లో కూలిపోగా, ఆ తరువాత అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ కొత్త మొక్కను నాటించారు. శిథిలమైన ఆలయానికి 1880లలో మరమ్మతులు జరిగాయి.

ఆలయం ఎవరిది?

కొన్ని శతాబ్దాలపాటు ఈ స్థలం శైవ మహంతుల అధీనంలో ఉండేది. 1891లో ఇక్కడికి వచ్చిన శ్రీలంక బౌద్ధుడు అనగారిక ధర్మపాల, ఆలయాన్ని బౌద్ధులకు అప్పగించాలని ఉద్యమించారు.

చివరకు 1949లో బుద్ధగయ ఆలయ చట్టం వచ్చింది. దాని ప్రకారం నిర్వహణ కమిటీలో నలుగురు హిందువులు, నలుగురు బౌద్ధులు ఉంటారు. జిల్లా మేజిస్ట్రేట్ అధ్యక్షత వహిస్తారు. పూర్తి నిర్వహణ తమకే దక్కాలంటూ 2025లో భిక్షువులు నిరాహార దీక్షకు దిగారు. బుద్ధుణ్ని విష్ణువు అవతారంగా కొలిచే హిందువులకు కూడా ఇది పవిత్ర స్థలం.

యాత్రికులకు సూచనలు

2013లో ఆలయ ప్రాంగణంలో బాంబు పేలుళ్లు జరిగిన తరువాత భద్రతను కట్టుదిట్టం చేశారు. మొబైల్ ఫోన్లను లోపలికి అనుమతించరు. ఎండలు మండే వేసవి కంటే అక్టోబరు నుంచి మార్చి వరకు ప్రయాణం సుఖంగా ఉంటుంది. రెండు రైళ్ల మధ్య ఒక పూట వ్యవధి ఉన్నా, ఆలయాన్ని, బోధివృక్షాన్ని తృప్తిగా చూసి రావచ్చు.