తెరుచుకోని జిప్ ఫైళ్లు: లోప నిర్ధారణ

అనేక ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా కట్టిన మూటను ఆర్కైవ్ అంటారు. జిప్, రార్, సెవెన్‌జెడ్ అందులో తరచూ కనిపించే రకాలు. సూర్యాపేట, కోదాడ ఇంటర్నెట్ సెంటర్లలో తీసుకునే ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ గానీ, మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కలు రాసేవారు వాడే జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్ గానీ వచ్చేది జిప్‌గానే. తెరుచుకోని ప్రతి జిప్‌నూ ‘కరప్ట్ అయింది’ అనేసి రిపేర్ సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం పరిపాటి. ఫైలు నిజంగా చెడిందో లేదో తేల్చాకే మరమ్మతు మాట ఎత్తాలి. ఎందుకో జిప్ నిర్మాణమే చెబుతుంది.

ఫిల్ కాట్జ్ 1989లో రూపొందించిన జిప్‌లో లోపలి ఫైళ్ల జాబితా చివర ఉంటుంది. డౌన్‌లోడ్ ఆఖర్లో తెగిందంటే సరుకంతా వచ్చినా జాబితా రాదు, మొత్తం ఫైలు పనికిరానట్టే కనిపిస్తుంది. కాబట్టి ముందుగా అసలు ఫైలు సైజునూ వచ్చినదాని సైజునూ బైట్లలో పోల్చాలి. తేడా ఉంటే మళ్లీ దించుకోవడమే మందు. సైజు మరీ చిన్నగా ఉంటే, లాగిన్ గడువు తీరి వెబ్ పేజీ ఏదో జిప్ పేరుతో సేవ్ అయి ఉండొచ్చు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అసలైన జిప్ మొదట్లో పీ, కే అనే ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి.

సైజు సరిపోయినా తెరుచుకోకపోతే అనుమానం సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లాలి. 2013లో వచ్చిన రార్ 5 రకాన్ని, రార్ ఫైళ్లు తెరిచే విన్‌రార్ సాఫ్ట్‌వేర్ అంతకుముందటి వెర్షన్లు చదవలేవు. విండోస్ 11కు రార్, సెవెన్‌జెడ్ తెరిచే సౌకర్యం 2023లో గానీ రాలేదు. ఉచితంగా దొరికే సెవెన్-జిప్ కొత్త వెర్షన్ ఈ చిక్కుల్లో చాలావాటిని తీరుస్తుంది. పాస్‌వర్డ్ సంగతీ చూడాలి: ఆధార్ జిప్ అడిగేది డౌన్‌లోడ్ చేసేటప్పుడు మనం పెట్టుకున్న 4 అక్షరాల షేర్ కోడ్‌ను. జీఎస్టీ టూల్‌ను జిప్ లోపలినుంచే నడపకుండా ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి. ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు అన్నీ కలిపి 260 అక్షరాలు దాటితే విండోస్ మొరాయిస్తుంది. డ్రైవ్‌లో నేరుగా చిన్న పేరున్న ఫోల్డర్‌లోకి విప్పితే సరిపోతుంది.

రిపేర్‌తో ఫైళ్లు దక్కిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. జిప్‌లో ప్రతి ఫైలుకూ ముందు దాని వివరం విడిగా ఉంటుంది గనుక, చివరి జాబితా పోయినా దాన్ని తిరిగి అల్లుకోవచ్చు. కానీ అసలు రాని బైట్లను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. సీఆర్‌సీ-32 అనే తనిఖీ సంఖ్య తప్పు జరిగిందని పట్టిస్తుందే తప్ప దిద్దదు. రార్‌లో దిద్దుకునే వీలున్నా, రికవరీ రికార్డును ఆర్కైవ్ చెడకముందే చేర్చి ఉండాలి. పెద్ద ఫైలును మళ్లీ దించుకోవడం డేటా దండగ అనే అభ్యంతరమూ సబబే. అందుకే సైజు పోలిక ముందు. పంపినవారి కంప్యూటర్లో సెవెన్-జిప్‌లోని ‘టెస్ట్’ నొక్కి చూడటం ఆ తర్వాత. అక్కడా తప్పే చూపితే మళ్లీ దించుకుని లాభం లేదు, ఆర్కైవ్‌ను కొత్తగా కట్టించుకోవాలి. మూలం ఎక్కడా మిగలనప్పుడే రిపేర్‌కు పూనుకోవాలి, అదీ నకలు తీసి పెట్టుకున్నాక.