తోలుబొమ్మలాటవారి వృత్త్యంతరములు

తాతతండ్రులనాటి విద్యలో చేయి తిరిగిన పిమ్మట, నడివయస్సున దానిని విడిచి మఱియొక విద్యకు శిష్యులైనవారు మన దేశమున పెక్కుమంది కలరు గాని, వారి కథలను వ్రాసిపెట్టినవారు అరుదు. లోకస్మృతిలో నిలిచిన కొద్ది కథలలో తోలుబొమ్మలాటవారిది మిక్కిలి విచిత్రమైనది. ఏలయన వీరు ఒకే వృత్తినుండి రెండు కాలములందు రెండు దిక్కులకు వెడలిరి. ఒకరు నాటకరంగమునకు, ఒకరు ల్యాంపుషేడ్ల పనికి.

మహారాష్ట్రమునుండి వలసవచ్చి, ఇంట ఆరె మరాఠీ మాటలాడుచు, తెరవెనుక మాత్రము తెలుగు పద్యములను గొంతెత్తి చదివెడి ఈ కుటుంబములవారి విద్య ఒక్కటి కాదు, పెక్కు విద్యల సంపుటి. తోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగదీసి ఆరబెట్టి, వెలుతురు దూరునట్లు పలుచన చేయుట ఒకటి. దానిపై రూపము వ్రాసి, ఇరువైపుల రంగులు పూసి, చిన్న ఉలులతో నగలున్న చోట్ల రంధ్రములు పొడిచి, దీపము వెనుక నుంచినప్పుడు అవి రత్నములవలె మెఱయునట్లు చేయుట వేఱొకటి. ఆరడుగుల వరకు ఎత్తుగల ఆ బొమ్మను వెదురుబద్దలతో ఆడించుచు, పాదముల క్రింద కొయ్యపలకలను త్రొక్కి యుద్ధఘోషను పుట్టించుచు, రామునకు ఒక గొంతు, రావణునకు ఒక గొంతు, నడుమ నడుమ హాస్యపాత్రలైన కేతిగానికిని బంగారక్కకును మఱొక గొంతు పెట్టుచు, ఆముదపు దీపముల వెలుగున తెల్లవాఱువఱకు రామాయణ భారతములను నడపుట అన్నిటికంటె కష్టమైనది. చిత్రకారుడు, గాయకుడు, నటుడు, హాస్యగాడు ఒకే కుటుంబమున, పెక్కుమారులు ఒకే శరీరమున ఉండవలసియుండెను.

1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము ఆంధ్రదేశమున సంచరించుటయు, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు విద్యార్థులచే నాటకములాడించుటయు జరిగి, తెరముందు మనుష్యులు వేషములు వేసికొని నిలుచు క్రొత్త వినోదము జనులను ఆకర్షింపసాగెను. అట్టి కాలమున, 1885లో, కడప మండలమందలి సురభి గ్రామమున, ఒక వివాహ సందర్భమున, వనారస గోవిందరావుగారును వారి బంధువులును బొమ్మలను ప్రక్కనబెట్టి తామే ‘కీచకవధ’ నాటకమాడిరని చెప్పుదురు. ఆ గ్రామనామమే సమాజమునకు పేరై, పిదప ఆ కుటుంబములకు ఇంటిపేరువలె నిలిచినది.

ఈ మార్పును దూరమునుండి చూచువారికి అది సాహసముగా తోచును గాని, వారి పాతవిద్యను ఎఱిగినవారికి అంత వింతగా తోపదు. కథ వారికి కంఠస్థము. సమయోచితముగా సంభాషణ కల్పించుట నిత్యకృత్యము. ఏ పద్యమునకు జనులు తల యూపుదురో, ఎచ్చట కునుకు తీయుదురో తెరవెనుకనుండియే గ్రహించిన చెవులు వారివి. నేర్వవలసినదెల్ల ముఖము చూపుట. బొమ్మవెనుక దాగి, తన నీడ తెరపై పడకుండ జాగ్రత్తపడుటయే ఆ వృత్తియందలి శిక్షణ యగుటచే, దీపమునకు ఎదురుగా వచ్చి తన కన్నులతో, తన చేతులతో భీముని కోపము చూపవలసినప్పుడు నలుబదేండ్ల అనుభవజ్ఞుడును బాలునివలె తడబడియుండును.

ఇంతకంటె ముఖ్యమైన విషయము స్త్రీలది. ఆనాటి నాటక సమాజములందు స్త్రీపాత్రలను పురుషులు ధరించుట పరిపాటి. స్థానం నరసింహారావుగారివంటి మహానటులు ఇరువదవ శతాబ్దిలోను ఆ మార్గముననే కీర్తిగాంచిరి. సురభివారిలోనో, స్త్రీలే స్త్రీపాత్రలను ధరించిరి. దీనిని కొందఱు సంఘసంస్కారముగా కొనియాడుదురు. బొమ్మలాటలో సీతకును ద్రౌపదికిని గొంతు ఇచ్చినది ఆ ఇంటి ఆడువారే గనుక, గొంతున్న చోటికి దేహము కూడ నడచి వచ్చినదని నా తలంపు. సంస్కారాభిలాష కంటె కుటుంబవృత్తి యొక్క అలవాటే ఇచ్చట బలవత్తరమై యుండును. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడినప్పుడు లీలావతి పాత్రకు సురభి కమలాబాయి లభించుటకు పునాది అక్కడనే పడినది.

ఒక కాలమున ఈ సమాజములు శాఖోపశాఖలై, డేరాలతో, చిత్రించిన తెరలతో ఊరూర తిరిగెను. ‘మాయాబజారు’ వంటి నాటకములందు ఆకాశమునుండి నారదుడు దిగుటయు, బాణములు గాలిలో ఢీకొని నిప్పులు చెదరుటయు చూచినవారికి, వెలుగునీడలతో భ్రమ కల్పించు ప్రాతవిద్య వీరిని పూర్తిగా విడువలేదని బోధపడకపోదు.

బొమ్మలను విడువనివారి గతి వేఱు. చలనచిత్రములు పల్లెలకు చేరినకొలది రాత్రియెల్ల కూర్చుండు ప్రేక్షకులు తగ్గిరి. దేవతామూర్తులకు పూర్వము వాడిన జింకతోలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో నిషిద్ధమై మేకతోలే శరణ్యమైనది. ధర్మవరమునకు సమీపమందలి నిమ్మలకుంటలో ఈ కుటుంబములు చేపట్టిన క్రొత్తపని ఇనుపతీగల చట్రమునకు తోలును కుట్టి ల్యాంపుషేడ్లు చేయుట. తడితోలు ఆఱినకొలది చట్రముపై బిగిసికొనును. రంగులు, రంధ్రములు నాటివే. ఆముదపు దీపమునకు మాఱుగా విద్యుద్దీపము. ఆ వెలుగు లోనుండి వచ్చుటచే పూర్వపు తెరమీది శోభయే గదిలో నిలుచును.

కాని సురభివారు గొంతును తీసికొనిపోయి చేతిపనిని విడిచిరి. వీరు చేతిపనిని నిలుపుకొని గొంతును విడువవలసివచ్చెను. నిమ్మలకుంటవారిలో, ఆటలో కూడ ఆరితేఱిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. సురభి పక్షమున రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లోనే లభించియుండెను. గౌరవములట్లుండగా, షేడ్లపై నెమళ్లు, పూలతీగెలు విరివిగా కానవచ్చుట గమనింపదగినది; పదితలల రావణుని పడకగదిలో వెలిగించుకొను గృహస్థులు మన దేశమున ఎందఱుందురు! ఇక కేతిగాని మాట చెప్పనక్కఱలేదు. సురభి రంగస్థలముపై హాస్యగానికి చోటు దొరకినది గాని, నోరు లేని దీపముపై వానిచే ఏమి చేయింపవలెనో ఎవరికి తోచును?