పూరీ కంటే ముందు ముఖలింగం

పలాసలో పూరీ బండెక్కే ఉద్దానం వాళ్లకు కొదవ లేదు. ఆ జగన్నాథుని గుడి కట్టించడానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగ దేవుడు మాత్రం చాలామందికి ఒడిశా రాజే. 1078లో పట్టాభిషేకమయ్యేనాటికి అతని రాజధాని కళింగనగరం, అంటే వంశధార గట్టునున్న నేటి శ్రీముఖలింగం. కటకం రాజధాని కావడం తర్వాతి మాట. అందుకే చోడగంగ జాడ చూపిస్తానని జీపు కట్టించే గైడు ఎవరైనా ఈ వైపు నుంచే మొదలుపెట్టాలి.

పొద్దున్నే మందస. వాసుదేవ పెరుమాళ్ గుడి చోడగంగ కాలానిది కాదు, చాలా తర్వాతిది. అయినా ఇక్కడ ఆగడానికి కారణముంది: ఎదురుగా 1501 మీటర్ల మహేంద్రగిరి. ఆ కొండ మీది గోకర్ణేశ్వరుడే చోడగంగ వంశమైన గంగరాజుల ఇలవేలుపు, వాళ్ల తామ్రశాసనాల్లో ముందుగా వినిపించేది ఆయన స్తుతే. కొండ ఇప్పుడు ఒడిశాలో ఉంది, ఎక్కి దిగడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. కింద నుంచే దణ్ణం పెట్టి, మందస కోవా పొట్లం కట్టించుకుని కదలడం మేలు.

టెక్కలి, కోటబొమ్మాళి దాటేదాకా జీపులో చెప్పుకోవలసింది చుట్టరికాల కథ. చోడగంగ తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. అయినా 1110 ప్రాంతంలో కులోత్తుంగ చోళుని సేన కరుణాకర తొండైమాన్ వెంట కళింగం మీద పడింది. గెలిచినవాళ్ల గొప్పలు వినాలంటే జయంకొండార్ తమిళ కావ్యం 'కలింగత్తుపరణి' ఉండనే ఉంది. అంత దెబ్బ తిన్నాక కూడా చోడగంగ ఉత్తరాన ఉత్కళాన్ని గెలిచి, గంగ నుంచి గోదావరి దాకా చేయి చాచాడు.

ముఖలింగంలో ముందు సోమేశ్వరాలయం. ముందు మండపం లేదు, ఒంటరి శిఖరం, గోడల నిండా శిల్పాలు. పెద్ద గుడి మధుకేశ్వరుడిది. ఇప్పచెట్టు మొద్దులో శివుని ముఖం కనబడిందని స్థలపురాణం. గైడులు అలవాటుగా అంతా చోడగంగ ఖాతాలో వేసేస్తారు గానీ, ఇది అతని పూర్వీకులు కట్టించిన గుడి. అతని కాలం నాటి శాసనాలు మాత్రం ఇక్కడ ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టి తిరిగిపోయేవాళ్లు ఆ రాళ్ల ముందు కాసేపు నిలబడాలి.

ఆ శాసనాలను పట్టుకుని కళింగనగరమంటే ముఖలింగమేనని వాదించిన వ్యక్తి ఈ పక్క ఊరు పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషకు, సవరలకు ఆయన చేసిన సేవ చెప్పుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ పాత లిపులు నేర్చుకుని శాసనాలు చదివిన సంగతి తక్కువ చెప్పుకుంటాం. 1057 నాటి గంగరాజు వజ్రహస్తుని నడగాం రాగిరేకులను పరిష్కరించింది కూడా ఆయనే.

సాయంత్రం శ్రీకూర్మం అందరూ చూసేదే. అక్కడి నల్లరాతి స్తంభాల మీది రాతల్లో ఎక్కువ భాగం చోడగంగ తర్వాతి తరాలవి. దానికంటే ముందు దీర్ఘాసిలో ఆగడం న్యాయం. చోడగంగ తండ్రి రాజరాజు సేనాని వనపతి 1075లో వేయించిన శాసనం అక్కడిదే. అందులో తెలుగు పద్యాలున్నాయి, దాన్నీ గిడుగువారే ప్రకటించారు. యాత్రల జీపులు మాత్రం దీర్ఘాసి దగ్గర ఆగకుండా కళింగపట్నం బీచికి పోతాయి. పొద్దుటి నుంచి రాళ్లే చూసిన పిల్లలు గొడవ పెడతారు కాబట్టి డ్రైవర్లను అనలేం.