అంగణంలో పుట్టిన బడి

నేడు ఏ తెలుగు పల్లెకు వెళ్లినా ‘అంగన్‌వాడీ’ అన్న మాట వినిపిస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లలు అక్కడ ఆడుకొంటారు, పాడుకొంటారు, కడుపునిండా తింటారు. మన సాయంత్రపు తరగతిలో తెలుగు నేర్చుకొంటూ ఉండగా ఈ మాట నాకు మొదటిసారి కనిపించినది. అంగణం అంటే ముంగిలి అని మాస్టారు చెప్పినారు. వాడీ అన్నది మరాఠీ మాట, మన ‘వాడ’కు దగ్గరిది. ముంగిట్లో నడిచే బడి అని దాని భావం. ఈ మాట వెనుక ముగ్గురు ఉపాధ్యాయుల జీవితాలు ఉన్నవి. చిన్నపిల్లలకు చదువు చెప్పేవారు తమ వృత్తిలో ఎట్లా ఎదుగుతారో ఆ ముగ్గురి చరిత్ర చెప్పుతుంది.

మొదటివారు గిజుభాయి బధేకా (1885–1939). గుజరాతువారు, వృత్తికి వకీలు. కుమారుడు పుట్టిన తరువాత, బిడ్డను ఎట్లా పెంచాలి అన్న ప్రశ్న ఆయనను పట్టుకొన్నది. మాంటిస్సోరి గ్రంథాలు చదివినారు. వకాలతు వదలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరం స్థాపించినారు. అది బెత్తము, భయము లేని బడి. జనం ఆయనను ‘మీసాల అమ్మ’ అని ప్రేమగా పిలిచేవారు.

రెండవవారు తారాబాయి మోడక్ (1892–1973). స్త్రీలు కళాశాల గడప తొక్కడమే అరుదైన ఆ రోజులలో, 1914లో ఆమె బి.ఏ. పట్టా పొందినారు. రాజ్‌కోట్‌లో మహిళా శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. ఆ పదవి వదలి భావనగర్ చేరి, గిజుభాయి వద్ద పసిపిల్లల మధ్య నేలమీద కూర్చున్నారు. మనమైతే దీనిని మెట్టు దిగడం అంటాము. ఆమె ఎదుగుదల మాత్రం అక్కడే మొదలైనది. 1926లో వారు నూతన బాల శిక్షణ సంఘాన్ని ఏర్పరచినారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడము, పత్రిక నడపడము ఆ సంఘం పనులు.

పట్టణాలలో బాలమందిరాలు వెలసినవి కాని, వాటిలో చేరింది ఎక్కువగా కలిగినవారి పిల్లలే. పల్లె పేదల సంగతి ఏమిటి? 1945లో తారాబాయి బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలోని బోర్డీ గ్రామం వెళ్లి, గ్రామ బాల శిక్షా కేంద్రం ప్రారంభించినారు. బడి తెరచినారు గాని పేదవాడల పిల్లలు రాలేదు. తల్లిదండ్రులు కూలికి పోయేవారు. ఇంట్లో పెద్ద పిల్ల చంటిబిడ్డను ఎత్తుకొని కాపలా ఉండవలసినదే. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల వద్దకు పోవాలి అని ఉపాధ్యాయులు ఆ వాడకే వెళ్లినారు. ముంగిట్లోనే పిల్లలకు స్నానం చేయించి, తల దువ్వి, గోళ్లు కత్తిరించినారు. ఆ తరువాతనే పాట, కథ, ఆట. అదే అంగన్‌వాడీ.

మాంటిస్సోరి పరికరాలు ఖరీదైనవి. పల్లె బడికి అవి ఎక్కడివి? గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి ముందర పెట్టినారు. చిన్న పెద్ద, బరువు తేలిక, ఒకటి రెండు అన్నీ వాటితోనే నేర్పినారు. ఖర్చు లేదు సరే, అంతకంటె గొప్ప లాభం మరొకటి ఉన్నది. ఆ వస్తువులు బిడ్డ చేతికి ముందే తెలిసినవి. కొత్త చదువు పాత నేస్తం చేయి పట్టుకొని వచ్చినట్లు వచ్చినది.

మూడవవారు అనుతాయి వాఘ్ (1910–1992). పదమూడేళ్లకు పెళ్లి, కొద్ది నెలలకే వైధవ్యం. ఆమె చదువుకొని ఉపాధ్యాయిని అయి, 1945లో బోర్డీలో తారాబాయితో చేరినారు. తరువాత ఈ పని సమీపంలోని కోస్‌బాడ్ కొండకు, వార్లీ గిరిజనుల మధ్యకు మారినది. పశువులు కాచే పిల్లల కోసం మేతబీడులోనే బడి పెట్టినారు. చంటిపిల్లల సంరక్షణ, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకేచోట నడిపినారు. చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చిన అక్క ఆ బిడ్డను అక్కడే అప్పగించి తాను తరగతిలో కూర్చునేది. ఇంత పని మధ్య అనుతాయి బి.ఏ. పూర్తి చేసినది యాభై ఏళ్లు దాటిన తరువాత. అరవై దాటి అక్షరాలు దిద్దుతున్న నావంటి వారికి ఈ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1984లో పద్మశ్రీ వచ్చినవి. 1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 ప్రాంతాలలో ఆరంభించి, దాని కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే పెట్టినది. దానిని చూడడానికి తారాబాయి అప్పటికి లేరు.

కాని పేరు పెరిగినంతగా గౌరవం పెరగలేదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు నేటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు తీర్పు 2022లో గాని రాలేదు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వారి సమ్మె 42 రోజులు సాగినది.

దూరాన ఉన్నవారిని ఎందుకు తప్పు పట్టాలి? నేను కొలువులో చేరిన కొత్తలో పసిపిల్లల తరగతి ఇచ్చినారు. బాగా చెప్పుతున్నానని మెచ్చి, బహుమానంగా ఆ తరగతి తీసివేసి పై తరగతికి పంపినారు. నేనూ సంతోషించినాను. తరువాత పెత్తనం నా చేతికి వచ్చినప్పుడు నేనూ అదే చేసినాను. అనుభవం లేనివారిని చిన్నవారి వద్దకు, ఆరితేరినవారిని పెద్దవారి వద్దకు పంపినాను. అది పొరపాటు అని ఈ చరిత్ర చదివిన తరువాత తెలిసినది.

నేటాల్ చెరకు తోటలలో మన అవ్వలు కోతకు పోతే, మన ఇళ్లలోనూ పెద్దపిల్లలే చంటివారిని ఎత్తుకొని తిరిగినారు. వారి ముంగిటికి ఏ బడీ రాలేదు. ఆ ముంగిట్లో వినిపించిన తెలుగు నా తరం వచ్చేసరికి సన్నగిల్లినది. ఇప్పుడు మన సంఘం తరగతులలో నాలుగేళ్ల పిల్లలు మళ్లీ ‘అమ్మ’, ‘ఆవు’ అంటున్నారు. పెద్దలకు నా మనవి ఒక్కటే. మనలో తెలుగు బాగా వచ్చినవారిని, ఓర్పు ఉన్నవారిని ఆ చిన్నవారి వద్ద కూర్చోబెట్టండి. వారి పక్కన ఒక యువతినో యువకుడినో ఉంచి పని నేర్పండి. గిజుభాయి తారాబాయిని, తారాబాయి అనుతాయిని తయారు చేసినట్లు, ఒకరి తరువాత ఒకరు ఉంటేనే బడి నిలుస్తుంది.