పసుపు ఎక్కడ ఎర్రబడుతుంది?

ఏడో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు మీరు. చేతిలో ఒక కాగితం. రసాయనశాస్త్రం పాఠం కోసం కొందరు టీచర్లు కూడి రాసిన కృత్యపత్రం, ఇంకా చిత్తుప్రతే. ఇవాళ అది పిల్లల చేతుల్లో పడుతోంది. రాసినవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. పిల్లలు ఎంత తడబడినా పెదవి విప్పకూడదని ఒప్పందం.

బెంచీల మీద పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలు. గిన్నెల్లో నిమ్మరసం, చింతపండు పులుసు, ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు, సబ్బునీళ్ళు, వంటసోడా కలిపిన నీళ్ళు. సున్నపు తేట మాత్రం టీచరు బల్ల మీదే ఉంది. కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఆ చుక్క ఆమే వేస్తుంది.

కాగితం మీద ఆమ్లం, క్షారం అన్న మాటలే లేవు. 'ముందు ఊహించి రాయి, తరవాత చుక్క వేసి చూడు' అని మాత్రం ఉంది.

సబ్బునీళ్ళ చుక్క పడింది. పసుపు మీద ఎర్రటి మచ్చ.

"మా నాయనమ్మ ఎర్రనీళ్ళు ఇట్టాగే కలుపుద్ది టీచర్, పసుపులో సున్నం వేసి!"

ఆ ఎరుపు పసుపులోని కుర్కుమిన్ క్షారంతో కలిసినందువల్ల వచ్చింది. ఆ వాక్యం మొదటి పేజీలోనే అచ్చువేస్తే, ఈ పిల్ల నాయనమ్మను తలుచుకునేదా? నాకు నమ్మకం లేదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ఈ దారే పట్టింది. వాళ్ళ 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకాలు జవాబులు అందించేవి కావు, చేసి చూడమనేవి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అది పెద్ద నష్టమనే అంటాను.

ఇప్పుడు మూడో బెంచీ వైపు చూడండి. ఒకమ్మాయి పట్టికలో నాలుగుచోట్ల 'ఏమీ మారలేదు' అని రాసి, కలం ఆపి, చెయ్యెత్తింది.

"టీచర్, నిమ్మరసానికీ మారలేదు, మంచినీళ్ళకీ మారలేదు. రెండూ ఒకటేనా మరి?"

గోడవారగా ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమ్లాన్నీ మంచినీళ్ళనీ పసుపు విడదీయలేదు. మందార రసం విడదీస్తుంది. ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. చిత్తుప్రతిలో మందారం ఇదే పేజీ అడుగున ఉంది, ఎవరూ అడగకముందే. ఒక టీచరు పెన్ను తీసి ఆ భాగం చుట్టూ గీత గీసి, పక్కన 'రేపటికి' అని రాశారు. ఆ అమ్మాయి ప్రశ్ననే రేపటి పేజీకి మొదటి వరసగా పెట్టారు, ఆమె మాటల్లోనే.

ఈలోగా ఒక కుర్రాడు ఎర్ర మచ్చ మీద నిమ్మరసం పిండాడు. మళ్ళీ పసుపు. అలా చెయ్యమని కాగితంలో ఎక్కడా లేదు. పక్కవాళ్ళంతా అదే మొదలుపెట్టారు.

"రేపు ఎర్ర మందారాలు కావాలి" అంది టీచరు. "ఎవరింట్లో ఉన్నాయి?"