కుదురు లేని ప్రోటీన్లు: ఈజీఎఫ్ఆర్ చెప్పే చరిత్ర

ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల జన్యు పరీక్ష రిపోర్టుల్లో ‘ఎల్858ఆర్’ అన్న మాట తరచు కనిపిస్తుంది. ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహక ప్రోటీన్‌లో 858వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ఆర్జినిన్ చేరిందని దానర్థం. పన్నెండు వందల పైచిలుకు అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మారినంత మాత్రాన కణం ఎందుకు అదుపు తప్పుతుంది? దీనికి జవాబు దొరికేలోపు, ప్రోటీన్ల గురించి శాస్త్రవేత్తలు దాదాపు వందేళ్లు నమ్మిన సూత్రమొకటి సడలిపోయింది.

ఆ సూత్రానికి పునాది 1894లో పడింది. ఎంజైమ్‌కూ అది పనిచేసే పదార్థానికీ ఉన్న పొత్తును ఎమిల్ ఫిషర్ తాళంతో, తాళంచెవితో పోల్చాడు. 1958లో జాన్ కెండ్రూ ఎక్స్‌రేల సాయంతో మయోగ్లోబిన్ ఆకృతిని చూపించాడు. ఆ వెనకే మాక్స్ పెరుట్జ్ హీమోగ్లోబిన్ ఆకృతిని పట్టుకున్నాడు. 1962 నోబెల్ ఇద్దరికీ కలిపి దక్కింది. విప్పిన రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్ తనంతట తానే మళ్లీ మడత పడుతుందని నిరూపించిన క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ వచ్చింది. అమైనో ఆమ్లాల వరుసే మడతను నిర్ణయిస్తుంది, మడతే పనిని నిర్ణయిస్తుంది అన్నది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది.

ఆ నమ్మకాన్ని పరికరం కూడా బలపరిచింది. స్ఫటికంలోని అణువులన్నీ ఒకే భంగిమలో ఉంటేనే ఎక్స్‌రే చిత్రం స్పష్టంగా వస్తుంది. కదులుతూ ఉండే భాగం పటంలో ఖాళీగా మిగిలిపోతుంది. స్ఫటికం కట్టనివ్వడం లేదని అలాంటి కొసలను ముందే కత్తిరించడం ప్రయోగశాలల్లో మామూలైంది. అలా కుదురుగా ఉన్నవే లెక్కలోకి వచ్చాయి.

ఈజీఎఫ్ఆర్ కథ వేరే దారిలో మొదలైంది. ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన ఒక పదార్థాన్ని ఎక్కిస్తే ఎలుక పిల్లలు వేళకు ముందే కళ్లు తెరుస్తున్నాయని స్టాన్లీ కోహెన్ గమనించి, 1962లో దాన్ని వేరుచేశాడు. అదే ఈజీఎఫ్. దాన్ని అందుకునే గ్రాహకమే ఈజీఎఫ్ఆర్. అది టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ కూడా అని 1980 నాటికి తేలింది. కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ జన్యువు ఈ గ్రాహకానికి కత్తిరించిన నకలేనని 1984లో బయటపడింది. గ్రాహకం పూర్తి వరుసా అదే ఏడాది తెలిసింది. కణం వెలుపల ఈజీఎఫ్‌ను పట్టుకునే భాగం, పొరను దాటే చిన్న ముక్క, లోపల ఎంజైమ్ భాగం, చివర సుమారు 230 అమైనో ఆమ్లాల తోక. సంకేతాన్ని ముందుకు పంపేది ఆ తోకే. ఫాస్ఫేట్ తగిలిన దాని టైరోసిన్లను జీఆర్‌బీ2 వంటి ప్రోటీన్లు వచ్చి పట్టుకుంటాయి. అక్కడి నుంచి కబురు రాస్ అనే ప్రోటీన్‌కు చేరుతుంది, కణం విభజనకు సిద్ధమవుతుంది. ఇంత కీలకమైన ఈ తోకకు స్థిరమైన ఆకృతే లేదు.

ఆ లేమిని సహజ గుణంగా చూడటం 1990లలో ఊపందుకుంది. కణ విభజనకు బ్రేకు వేసే పీ21 ప్రోటీన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఏ మడతా లేకుండా ఉండి, జత దొరికాకే ఆకృతి తెచ్చుకుంటుందని పీటర్ రైట్ బృందం 1996లో ఎన్‌ఎంఆర్ పద్ధతితో చూపించింది. 1999లో రైట్, జేన్ డైసన్ పాత సూత్రాన్ని తిరిగి పరిశీలించాలని వాదిస్తూ వ్యాసం రాశారు. 2002లో లిలియా యాకుచేవా, కీత్ డంకర్ తదితరులు వరుసల ఆధారంగా అంచనా కట్టారు. క్యాన్సర్‌తో సంబంధమున్న మానవ ప్రోటీన్లలో 79 శాతానికి ముప్పైకి తగ్గని అమైనో ఆమ్లాల క్రమరహిత (స్థిరమైన మడత లేని) భాగాలు ఉన్నాయని వారి లెక్క. ఆకృతి తెలిసిన ప్రోటీన్ల భాండాగారంలో అలాంటివి 13 శాతమే.

ఇక్కడే ఒక తొందరపాటుకు ఆస్కారముంది: క్రమం తప్పడమే క్యాన్సర్ అనుకోవడం. ఈజీఎఫ్ఆర్ దానికి ఎదురు నిలిచింది. 2004లో ఈజీఎఫ్ఆర్ను అడ్డుకునే మందు జెఫిటినిబ్‌కు బాగా స్పందించిన రోగుల కణుతుల్లో ఎల్858ఆర్ వంటి మార్పులున్నాయని బోస్టన్ బృందాలు కనుగొన్నాయి. రెండు గ్రాహకాల ఎంజైమ్ భాగాలు జతకట్టి, ఒకటి రెండోదాన్ని పక్క నుంచి తాకి పనిలోకి దించుతుందని 2006లో జాన్ కురియన్ బృందం వివరించింది. 2012లో యిబింగ్ షాన్, డేవిడ్ షా, కురియన్ తదితరులు కంప్యూటర్ అనుకరణలతో ఆ జతకట్టే అంచును దగ్గరగా చూశారు. మామూలు గ్రాహకంలో ఆ అంచు కుదురుగా ఉండదు, జత కుదిరాకే గట్టిపడుతుంది. కాబట్టి అనవసరంగా జతకట్టడం తేలిక కాదు. ఎల్858ఆర్ మార్పు జరిగేది ఆ అంచుకు దూరంగానే అయినా, దాని వల్ల అక్కడి అస్థిరత అణగిపోయి జతకట్టడం సులువవుతుంది. అంటే ఆ అస్థిరత ఒక కాపలా, దాన్ని తీసేయడమే జబ్బుకు దారి.

ఆ 2012 పరిశోధన పత్రం రచయితల్లో ఒకరైన జాన్ జంపర్ తర్వాత ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించి 2024 నోబెల్‌లో భాగం పంచుకున్నాడు. ప్రోటీన్ల మడతలను ఊహించే ఆ ప్రోగ్రామ్ కూడా క్రమరహిత భాగాల దగ్గర తక్కువ నమ్మకంతో చెబుతున్నానని గుర్తు పెడుతుంది. మందుల పరిస్థితీ అంతే. జెఫిటినిబ్ నుంచి ఒసిమెర్టినిబ్ దాకా అన్నీ ఎంజైమ్ భాగంలోని స్థిరమైన గుంటలో కూర్చునేవే. సంకేతం పంపే తోకలో మందు అణువు ఇమిడే గుంట ఏర్పడదు. అందుకే ఔషధ రసాయన శాస్త్రం ఇప్పటికీ గ్రాహకంలో నిలకడగా ఉన్న భాగంతోనే పోరాడుతోంది.