గేటు డబ్బుతో నిలిచిన ఆటలు

దక్షిణాఫ్రికాలో మన యువజన క్రీడా సంఘాల చరిత్ర అనగానే గెలిచిన కప్పులు గుర్తుకు వస్తాయి. వాటి జమాఖర్చులలో కూడా ఒక చరిత్ర ఉంది. పాఠకులు దానిని తెలుసుకోవాలని మా మనవి.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. ఒప్పంద కూలీకి మొదటి ఏట నెలజీతం 10 షిల్లింగులు. 1895 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పిమ్మట నేటాల్‌లో నిలిచిన వారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టవలసి వచ్చింది. ఆ తొలి జీతం లెక్కన అది ఆరు నెలల సంపాదన. పన్ను 1914లో గాని రద్దు కాలేదు. అటువంటి రోజులలోనే, 1903లో, దక్షిణాఫ్రికా భారతీయ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది, శాం చైనా కప్పు పోటీలు మొదలైనవి.

సంఘాలకు రాబడి మూడు దారులలో వచ్చేది: సభ్యుల చందా, వర్తకుల విరాళం, గేటు వద్ద టికెట్ల డబ్బు. బంతులు, జెర్సీలు, రైలు ఛార్జీలు అన్నీ అందులోనుంచే. డర్బన్‌లో పెద్ద గేటు కర్రీస్ ఫౌంటెన్ మైదానానిది. భూమి మాత్రం నగరపాలక సంఘానిది. మైదానం ఎవరి చేతిలో ఉంటే డబ్బుసంచి కూడా వారి చేతిలోనే ఉన్నట్లు.

1961 ఫిబ్రవరిలో పౌను పోయి రాండు వచ్చింది. షిల్లింగు 10 సెంట్లయింది. ఆ ఏడే జాతిభేదం పాటించని సాకర్ లీగు ప్రారంభమై, కర్రీస్ ఫౌంటెన్‌కు వేలమందిని రప్పించింది. అధికారులు మైదానాలు నిరాకరించగా 1966లో ఆగిపోయింది. ఆటగాళ్ళూ ఉన్నారు, చూసేవారూ ఉన్నారు. డబ్బు పుట్టే చోటు లేకపోయింది. ఆ దశాబ్దంలోనే మ్యాగజీన్ బ్యారక్స్‌లోని నగర కార్మిక కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. చందా ఇచ్చుకునే ఇరుగుపొరుగు చెదిరిపోయింది.

1973లో ఏర్పడిన శాకోస్ క్రీడా మండలి, సమాజం సక్రమంగా లేనప్పుడు ఆట సక్రమంగా ఉండజాలదని చెప్పి, జాతుల వారీ క్రీడా ఏర్పాట్లను తిరస్కరించింది. ఆ మాటపై నిలిచిన సంఘాలు ప్రభుత్వ సాయం లేకుండా సొంత చందాలతో నడిచాయి. బీదరికాన్ని వారు తెలిసే ఎంచుకున్నారు.

2000లో జాతీయ లాటరీ వచ్చాక, అందులో కొంత భాగం క్రీడలకు కేటాయింపబడుతున్నది. దానిని కోరే సంఘం తనిఖీ అయిన లెక్కలు చూపాలి. ఇది మంచిదే. అయితే ఒక్క దాత మీదనే ఆధారపడిన సంఘం, ఒక్క గేటు మీద ఆధారపడిన సంఘం వంటిదే. అది మూతపడితే పిల్లల ఆట ఆగుతుంది. చిన్నదైనా సొంత చందా మానరాదు.

మీ ఇళ్ళలో పాత సంఘాల చందా పుస్తకాలు, రసీదులు ఉంటే పారవేయకండి. కప్పుల మీద గెలిచినవారి పేర్లే ఉంటాయి. ఆ పుస్తకాలలో షిల్లింగు ఇచ్చినవారి పేర్లు కూడా ఉంటాయి.